ఏడో బావిలో తాబేలు

'ఏడు బావుల రాజ్యం' సినిమా మళ్లీ వాయిదా పడిందని నా ఫోన్‌లో కబురు వచ్చేటప్పటికి కాశమ్మ పెద్దత్త మా గడప దగ్గర చెప్పులు విడుస్తోంది. ఒక చేతిలో కందిపప్పు మూట, ఇంకో చేతిలో గుడ్డ సంచి. పుల్లలచెరువు అవతల అడవి అంచున వాళ్ల ఊరు. అక్కడి నుంచి మార్కాపురం రావాలంటే రెండు బస్సులు మారాలి. డెబ్బై నాలుగేళ్ల మనిషి. ఈ సినిమా కోసం ఇలా రావడం అయిదోసారి.

"ఏమ్మా అరుణా, ఆట ఎన్ని గంటలకు?" అంది, కొంగుతో ముఖం తుడుచుకుంటూ.

ఏమని చెప్పను? మా అత్త సుబ్బరత్నమ్మ వంటింట్లోంచే నా ముఖం చూసి సంగతి గ్రహించింది. చేతిలో గరిటె తీసి గట్టు మీద కొట్టింది.

"మళ్లా ఎగ్గొట్టినారా? వాళ్ల నోట్లో మన్నుపడ! మనమేమన్నా గొర్రెలమనుకున్నారా, ఈలేస్తే వచ్చి ఈలేస్తే పోయేదానికి? పదేళ్లు! పదేళ్లలో పుట్టిన పిల్లోడు పలక వదిలేసి పుస్తకాల సంచి మోస్తాడు. వీళ్లకు ఒక సినిమా పుట్టలేదు!"

అత్త తిట్టడం మొదలుపెడితే మా వీధి చివర కుక్క కూడా లేచి పక్క వీధికి పోతుంది. ఆ రోజూ అంతే. సినిమా తీసేవాణ్ని, తీయించేవాణ్ని, అందులో కత్తి పట్టుకున్న హీరోను వరసపెట్టి తిట్టింది. కాశమ్మ పెద్దత్త మాత్రం సంచిలోంచి ఇస్త్రీ చేయించుకుని తెచ్చుకున్న చీర తీసి, మళ్లీ మడత చెడకుండా లోపల పెట్టుకుంది. అది చూసి నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

ఇంకో సంగతి కూడా చూశాను. అంత తిట్టిన మా అత్త ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నది. తేదీ దగ్గరపడే కొద్దీ వారం నుంచి సరిగ్గా తినని మనిషి, వాయిదా కబురు వినగానే పప్పు ఇంకోసారి వడ్డించుకుంది. ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు.

అత్త సంగతి ముందు చెప్పాలి. ఆమె నోటికి అబద్ధం పట్టదు. అది మంచి గుణమని మీరనుకుంటారు, ఆ ఇంట్లో కాపురం చేసి చూడండి. నన్ను చూసుకోవడానికి వచ్చినప్పుడు మా నాయనతో ఏమన్నదో తెలుసా? "మావాడు శ్రీకాంత్‌కు కోపమెక్కువ. ఎనిమిది కొట్టందే లేవడు. పిల్లనిస్తే ఆలోచించుకుని ఇయ్యండి, తర్వాత నన్ననొద్దు" అన్నది. మా నాయన బిత్తరపోయి, ఇంత నిజం చెప్పే ఇంటికి పిల్లను ఇవ్వకపోతే ఇంకెవరికిస్తామని ఇచ్చేశాడు. పక్కింటి మల్లి పిన్ని కూర తెచ్చి ఎలా ఉందంటే "ఉప్పు చాలలేదు, వంకాయ ముదురు" అని గిన్నె తిరిగిచ్చేస్తుంది. నేను కుట్టిన జాకెట్టు వంకరపోతే, కుట్టించుకున్నావిడ చూడకముందే అత్త చూసి ఆమెకే చూపిస్తుంది. నా బేరాలు సగం అలాగే పోయాయి.

అత్త ఒకప్పుడు పనిచేసిన పలకల షెడ్డులోనూ అంతేనట. మా ఊరి రాతి పలకలంటే ఒకప్పుడు ఎక్కడెక్కడి బడులకో పోయేవి. గనిలో రాయి తెచ్చి, ఉలితో పొరలుగా చీల్చి, కొలతకు కోసి, నీళ్లు పోస్తూ నున్నగా రుద్ది, చెక్క చట్రం బిగిస్తారు. రుద్దే దగ్గర ఆడవాళ్లు కూర్చునేవాళ్లు, మా అత్త, మల్లి, గురవమ్మ, యల్లమ్మ, కాశమ్మ, అందరూ కలిపి పన్నెండు మంది. కరువు ఏడాది మేకల్ని మరిదికి అప్పగించి పుల్లలచెరువు నుంచి పనికొచ్చినవాళ్లలో కాశమ్మ ఒకతె. అంచున సన్నటి పగులున్న పలకకు చట్రం బిగిస్తే పగులు కనపడదు. అందరూ అలా బిగించి పంపేవాళ్లు. మా అత్త మాత్రం తీసి పక్కన పారేసేది. "ఏ పిల్ల చేతిలోనో పగిలితే ఆ పిల్లకు దెబ్బలు పడతాయి, మనకు కాదు" అనేదట.

ఆ పన్నెండు మందిలో చదవడం వచ్చింది మా అత్త ఒక్కదానికే. ఏడో తరగతి. వారపత్రికలో ఒక నవల వారం వారం వచ్చేది, 'ఏడు బావుల రాజ్యం' అని. మాంత్రికుడొకడు ఒక రాజ్యంలో వానంతా పట్టి ఏడు బావుల్లో బంధించి తాళాలు వేస్తాడు. గొర్రెలు కాచుకునేవాళ్ల పిల్ల, పేరు తొలకరి, ఒక్కో బావిలోకి దిగి ఒక్కో తాళం తీస్తుంది. వాన మొహం చూడని పశ్చిమ ప్రకాశంలో ఆడవాళ్లకు ఈ కథ ఎక్కకపోతే ఇంకెవరికి ఎక్కుతుంది?

మధ్యాహ్నం సద్ది తిన్నాక అత్త చదివేది, మిగతావాళ్లు రుద్దుతూ వినేవాళ్లు. మరి చదివే మనిషి చేతిపని ఆగిపోతుంది కదా. అందుకని తలా రెండు పలకలు రుద్ది అత్త కుప్పలో పెట్టేవాళ్లు. వాటికి 'చదువు పలకలు' అని పేరు. ఎవరూ అడగనక్కర్లేదు, ఎవరూ ఎగ్గొట్టేవాళ్లు కాదు. కాశమ్మ పెట్టే రెండూ అన్నింటికన్నా నున్నగా ఉండేవని మల్లి పిన్ని ఇప్పటికీ చెప్తుంది.

ఏడాదిన్నర నడిచింది ఆ కథ. ఆరు బావులు తెరిచింది తొలకరి. ఇంక ఏడో బావి, ఆఖరి వారం. సరిగ్గా అప్పుడే కాశమ్మ కూతురు అంకాలు జ్వరమొచ్చి పోయింది. ఏడేళ్ల పిల్ల. షెడ్డులో అందరి ఒళ్లోనూ ఆడుకున్న పిల్ల, మా అత్త దగ్గర పలక మీద అ ఆలు దిద్దిన పిల్ల. పదకొండు రోజుల తర్వాత కాశమ్మ పనికొచ్చి కూర్చుంది. తిండి లేదు, మాట లేదు. ఆ రోజు చదవొద్దని అందరూ అనుకున్నారు. కాశమ్మే నోరు తెరిచింది. "చదువు రత్నమ్మా. ఆ పిల్ల ఏమయిందో చెప్పు" అంది.

అత్త చదివింది. ఏడో బావిలో తొలకరి తాళం తీసింది. నీళ్లు పొంగినాయి. పిల్ల మునిగిపోయింది. అప్పుడు బావి అడుగున ఎన్నో ఏళ్లుగా ఉన్న ముసలి తాబేలు కదిలి, పిల్లను వీపు మీదికి ఎక్కించుకుని, నీళ్లతో పాటే మెల్లగా పైకొచ్చి, గట్టు మీద దించింది. పైన వాన పడుతోంది. గట్టు మీద వాళ్లమ్మ నిలబడి ఉంది.

కాశమ్మ ఆ తాబేలు ముక్క మూడుసార్లు చదివించుకుందట. ఆ సాయంత్రం పదకొండు రోజుల తర్వాత నాలుగు మెతుకులు తిన్నదట. ఈ కథంతా నాకు మల్లి పిన్ని నూటపదహారుసార్లు చెప్పింది. నేను కాపురానికొచ్చిన కొత్తలో ఇష్టంగా విన్నాను, తర్వాత వినక తప్పక విన్నాను.

కరువు తీరాక కాశమ్మ ఊరికి పోయింది. ఊరు చేరిన ఏడాదే ఎవరినో బతిమాలి ఒక తాబేలును తెప్పించి వాళ్ల చేని బావిలో వేయించింది. బావిలో తాబేలుంటే నీళ్లు శుభ్రంగా ఉంటాయని అందరూ వేస్తారు, ఈమె వేసింది మాత్రం అందుకు కాదు. ఎండాకాలం బావి ఎండిపోతే తాబేలును పైకి తీయించి ఇంటి ముందు మేకల కుడితి తొట్టిలో పెట్టి, మనుషులకే నీళ్లు లేని ఊళ్లో దానికి రెండు చెంబులు పోసి సాకుతుంది. వానలు పడ్డాక మళ్లీ బావిలో దింపుతుంది. ముప్పై ఏళ్లకు పైగా ఇదే పని.

అలాంటి మనిషికి పదేళ్ల కింద చల్లగా ఒక కబురు చేరింది. 'ఏడు బావుల రాజ్యం' సినిమాగా తీస్తున్నారు. వచ్చే ఎండాకాలం విడుదల!

వచ్చే ఎండాకాలమట! ఆ ఎండాకాలానికి వాళ్లకింకా బావే తవ్వలేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, సినిమా లేకుండానే పోస్టర్ వేశారు. తర్వాత ఏడు బావులకూ గ్రాఫిక్స్ కావాలన్నారు. తర్వాత హీరో గడ్డం పెరగాలన్నారు. అసలు పుస్తకంలో హీరోయే లేడు, గడ్డం ఎవరడిగారు? తర్వాత కరోనా. తర్వాత డైరెక్టర్ అలిగి పోయాడు, ఇంకొకడు వచ్చి తీసిందంతా పక్కన పడేసి మళ్లీ మొదటి బావి నుంచి మొదలుపెట్టాడు. ఇవన్నీ నా ఫోన్‌లో చూసి షెడ్డు ఆడవాళ్లకు చెప్పడం నా పని. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా ఆయన నవ్వేవాడు. తేదీ చెప్పిన ప్రతిసారీ కాశమ్మ పెద్దత్త దిగేది. ఫోన్ చేసి ఆగమంటే ఆగదు. "చెప్పిన తేదీకి రాకపోతే మర్యాద గాదు గదమ్మా" అంటుంది. మర్యాద ఎవరికి? వాళ్లకుందా అది? ఆమె వచ్చే లోపు వాళ్లు ఎగ్గొట్టేవాళ్లు. ఈ పదేళ్లలో గురవమ్మ పోయింది, యల్లమ్మ పోయింది. షెడ్డు మూతపడింది. పన్నెండు మందిలో మిగిలింది అయిదుగురు. వాళ్లలో ముగ్గురు తాబేలు వస్తేనే ప్రాణం పోతుందన్నట్టు కాచుక్కూచున్నారు.

అయిదోసారి వచ్చి కాశమ్మ పెద్దత్త తిరిగి వెళ్లిపోయిన నెలకు ట్రైలర్ వచ్చింది. మల్లి పిన్నిని పక్కన కూర్చోబెట్టుకుని చూశాను. కత్తులు, మంటలు, ఎగిరే గుర్రాలు, హీరో గడ్డం. మూడు నిమిషాలు.

"తాబేలేదే?" అంది మల్లి పిన్ని.

"ఆఖర్లో వస్తుందేమో పిన్నీ."

"మళ్లా వెయ్యి."

నాలుగుసార్లు వేశాను. తాబేలు లేదు. నాకు ఒళ్లు మండింది. పదేళ్లు తిప్పించుకుని, అసలు ముక్కే లేకుండా తీస్తారా? ట్రైలర్ కింద రాశాను, 'మార్కాపురం నుంచి అడుగుతున్నాం. ఏడో బావిలో తాబేలు ఎక్కడ?' అని.

గంటలో జవాబులు వచ్చి పడ్డాయి. 'ఏ తాబేలు?' 'పుస్తకం చదివావా అక్కా?' 'ఈమె వేరే బావిలో దిగినట్టుంది' అని పళ్లికిలించే బొమ్మలు. నేను ఊరుకుంటానా? 'మా అత్త మీరు పుట్టకముందు చదివింది' అని రాశాను. అప్పుడు గిద్దలూరు నుంచి రాజ్ కుమార్ మాస్టారని ఒకాయన, రిటైరైన మనిషి, మర్యాదగా జవాబిచ్చాడు. 'అమ్మా, నేను ఆ నవల పది సార్లు చదివాను. ఆఖరి పేజీ ఫొటో పెడుతున్నాను చూడండి' అని.

చూశాను. ఏడో తాళానికి ఒక షరతు ఉంది. తీసినవాళ్లు లోపలే ఉండిపోవాలి. తొలకరికి అది తెలుసు, తెలిసే తీసింది. వాన కురిసింది. రాజ్యమంతా పండగ చేసుకుంది. పిల్ల పైకి రాలేదు. వాళ్లమ్మ గట్టు మీద నిలబడి చూస్తూ ఉంటుంది, అంతే. తాబేలు లేదు.

ఫోన్ తీసుకుని పోయి అత్త ముందు పెట్టాను. ఆమె చింతపండు గింజలు తీస్తోంది. కళ్లద్దాలు సర్దుకుని చదివింది. చదవడం అయిపోయినా తల ఎత్తలేదు.

"నువ్వే పెట్టినావా అత్తా, తాబేలును?"

"ఆ."

"అందుకేనా వాయిదా పడితే అన్నం ఎక్కువ తింటావు?"

నా వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"కళ్లు ముందరికి పోయినాయే అరుణా. నోరు ఇంకా పై లైనులో ఉంది, కళ్లకు కింది లైను కనపడింది. పిల్ల పైకి రాలేదని ఉంది. ఎదురుగా కాశక్క కూర్చోనుంది, నోరు తెరుచుకుని. ఎట్ల చదవాల? మా నాయన బావిలో ఒక తాబేలుండేది, చిన్నప్పుడు దాన్ని చూస్తా ఉండేదాన్ని. అదే నోటికొచ్చింది. పేజీ ఇంటికి తెచ్చి పొయ్యిలో పెట్టినా."

"మంచి పనే చేసినావు కదా."

"ఏం మంచి?" అని అరిచింది. "ఆ రోజు గూడా పదకొండు మంది తలా రెండు పలకలు పెట్టినారు. కాశక్క గూడా పెట్టింది, కళ్లల్లో నీళ్లతోనే రుద్ది పెట్టింది. పుస్తకంలో ఉండేది చదువుతానని గదా పెట్టినారు? వాళ్ల పలకలు తీసుకుని నేను దొంగ చదువు చదివినా. పగిలిన పలకకు చట్రం బిగించి పంపినా. ఇన్నాళ్లు పగల్లేదు. ఈ సినిమా ముండాకొడుకులొచ్చి ఆమె చేతిలోనే పగలగొడతారు."

"అయితే ముందే చెప్పెయ్ అత్తా. హాల్లో తెలిస్తే ఇంకా కష్టం."

"ఏమని చెప్పేది? నీ తొట్టిలో తాబేలు ఉత్తదే అక్కా, పారెయ్ అని చెప్పాల్నా? నువ్వు చెప్తావా? పో, పొయ్యి చెప్పు!"

నేనెక్కడ చెప్తాను? చింతపండు ముందుకు లాక్కుని గింజలు తీయడం మొదలుపెట్టాను. ఆ రోజు నుంచి సినిమా పేరెత్తితే ఇద్దరం మాట మార్చేవాళ్లం. ఈసారీ ఎగ్గొడితే బాగుండునని మొక్కుకున్నాను, నిజం చెప్పొద్దూ.

మనం వద్దనుకున్నప్పుడే అన్నీ సమయానికి వస్తాయి. సినిమా విడుదలైంది. శుక్రవారం పొద్దున ఆటకు కాశమ్మ పెద్దత్త గురువారమే దిగింది. అదే కందిపప్పు, అదే సంచి, అదే మడత చెడని చీర. అత్త ఆ రోజు నాలుగుసార్లు నోరు తెరిచి నాలుగుసార్లు మూసింది. శుక్రవారం పొద్దున్నే మోకాలు నొప్పి అంది.

"నాకు మోకాళ్లే లేవు, నేను రాలేదా? లెయ్!" అని కాశమ్మ పెద్దత్త చెయ్యి పట్టి లేపింది.

నలుగురం ఆటోలో పోయాం. అత్త, కాశమ్మ పెద్దత్త, మల్లి పిన్ని, నేను. హాల్లో మూడు వంతులు కుర్చీలు నిండాయి. కాశమ్మ పెద్దత్త కుర్చీ అంచున కూర్చుంది, కళ్లద్దాలు రెండుసార్లు తుడుచుకుంది. అత్త ఆమె పక్కన, అత్త పక్కన నేను.

ఇంక ఆ సినిమా సంగతి ఏం చెప్పమంటారు! మొదటి బావి తెరవడానికి గంట. పిల్ల దిగాల్సిన చోటల్లా హీరో దిగుతాడు. పిల్ల గట్టు మీద నిలబడి ఏడుస్తుంది. రెండో బావిలో పాట, నాలుగో బావిలో ఇంకో పాట. "వీడెవడే, యాడ చూసినా అడ్డమొస్తాండాడు" అని మల్లి పిన్ని గట్టిగానే అంది. ముందు వరసలో వాళ్లు వెనక్కి తిరిగి చూశారు. చూడనీ అన్నాను. మూడు గంటలు గడిచాక ఆరు బావులు అయ్యాయి. ఏడో బావికి హీరోకు దెబ్బ తగిలి పడిపోయాడు, అప్పుడు గానీ పిల్లకు దిగే యోగం పట్టలేదు. అత్త నా చెయ్యి పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది, గాజులు గుచ్చుకున్నాయి.

తొలకరి మెట్లు దిగింది. చీకట్లో తాళం మీద చెయ్యి వేసింది. నీళ్ల చప్పుడు వినపడింది. కాశమ్మ పెద్దత్త ముందుకు వంగింది.

తెర నల్లగా అయిపోయింది. తర్వాత ఏవో అక్షరాలు పడ్డాయి. జనం ఓ అని అరిచి, తిట్టుకుంటూ లేచారు.

"ఏమయింది? కరెంటు పోయిందా?" అంది కాశమ్మ పెద్దత్త. "వస్తదిలే, కూర్చోండి. మా ఊళ్లో రోజూ పోతది. ఎందుకట్ల లేస్తారు?"

హాల్లో లైట్లు వెలిగాయి. ఆమె పైకి చూసి, "వచ్చింది గదా, మళ్లా వెయ్యరే?" అంది.

ఇంక చెప్పక తప్పదు. "అయిపోయింది పెద్దత్తా. ఏడో బావి రెండో భాగంలో చూపిస్తారంట."

"రెండో భాగమంటే రేపా?"

"ఇంకో సినిమా. రెండేళ్లో మూడేళ్లో పడుతుంది."

"వీళ్ల మూడేళ్లా?" అంది మల్లి పిన్ని. "వీళ్ల మూడేళ్లంటే మనకు ముప్పై."

కాశమ్మ పెద్దత్త సంచి ఒళ్లోకి తీసుకుంది. కోపం కూడా రాలేదు ఆమెకు. "నాకంత వ్యవధి లేదమ్మా" అంది మామూలుగా. తర్వాత అత్త వైపు తిరిగింది. "రత్నమ్మా, నువ్వే చదువు. తాబేలు కాడ నుంచి."

హాలు ఖాళీ అవుతోంది. తప్పించుకునే దారి దొరికింది కదా అత్తా అనుకున్నాను మనసులో. సినిమా వాళ్లే తప్పించారు, ఆ నాలుగు ముక్కలు చెప్పి లేచి రా, ఇంటికి పోదాం. ఇంక రెండో భాగం వచ్చేదెప్పుడు, ఈమె చూసేదెప్పుడు. కానీ మా అత్త ఎవరు? కూరలో ఉప్పు చాలకపోతే గిన్నె తిరిగిచ్చే మనిషి.

"అక్కా, పుస్తకంలో తాబేలు లేదు" అంది. "నేనే పెట్టినా."

మల్లి పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అబద్ధమా?" అంది కాశమ్మ పెద్దత్త.

"అబద్ధమే."

"మరి పుస్తకంలో పిల్ల ఏమయింది?"

"లోపలే ఉండిపోయింది అక్కా. పైకి రాలేదు. అంకాలు పోయిన పదకొండో రోజు అది నీ ముందర ఎట్ల చదవాల? నోరు రాలేదు. నీ పలకలు తీసుకుని నిన్ను మోసం చేసినా. కొట్టాలంటే కొట్టు."

కాశమ్మ పెద్దత్త చేతి వేళ్లు సంచి కాడను మెలిపెడుతూనే ఉన్నాయి. ముప్పై ఎనిమిదేళ్ల నమ్మకం కదా, ఎక్కడ పగులుతుందోనని నేను ఆ వేళ్లనే చూస్తున్నాను. అత్త ఏడుస్తోంది. పదిహేడేళ్ల కాపురంలో ఆమె ఏడవడం నేను చూడలేదు. మామ పోయినప్పుడు కూడా అందరినీ కేకలేస్తూ తిరిగింది తప్ప ఏడవలేదు.

"రాసినాయన నా బిడ్డను చూసినాడా?" అంది కాశమ్మ పెద్దత్త చివరికి.

"యాడ చూస్తాడక్కా."

"నువ్వు చూసినావు. ఒళ్లో పెట్టుకుని అ ఆలు దిద్దించినావు. ఆయన ఎరగని పిల్లను ఆయన బావిలో వదిలేసినాడు. నువ్వు ఎరిగినదానివి, వదల్లేకపోయినావు. ఇందులో మోసమేముంది?" అని కొంగుతో ముక్కు తుడుచుకుంది. అప్పుడొచ్చింది ఆమెకు కోపం. "పుస్తకంలో లేకపోతే లేకపోనీ! మా తొట్టిలో ఉంది గదా! ముప్పై ఏండ్లుగా నీళ్లు పోస్తాండా, అది అబద్ధమా? ఏడ్చింది చాలు గానీ, చదువు."

"ఇక్కడా?"

"ఇక్కడే. ఆ నల్లగుడ్డ మీద వాళ్లు చూపించకపోతే నువ్వు చెప్పు."

అత్త కళ్లు తుడుచుకుంది. ఒళ్లో అరచెయ్యి తెరిచి పెట్టుకుంది, అక్కడ పేజీ ఉన్నట్టు. ఒకసారి గొంతు సవరించుకుంది. ఇంతలో చీపురు పట్టుకుని నరేష్ అని హాల్లో పనిచేసే మనిషి మా వరస దాకా వచ్చాడు.

"అమ్మా, లేవాల, లేవాల! మధ్యాహ్నం ఆటకు జనం బయట నిలబడినారు. ఊడ్వాల!"

పదేళ్ల నుంచి ఎవరి మీద చూపించాలో తెలియక లోపలే పెట్టుకున్న కోపమంతా నాకు ఒక్కసారిగా నోటికొచ్చింది.

"ఆగు నాయనా! మేం పదేళ్లు ఆగినాం, నువ్వు పది నిమిషాలు ఆగలేవా? అవతల ఊడ్చుకో ఫో!"

అతను బిత్తరపోయి మమ్మల్ని నలుగురినీ చూశాడు. ఏమనుకున్నాడో, చీపురు గోడకు ఆనించి అక్కడే నిలబడ్డాడు.

అత్త తల వంచి, అరచేతిలోకి చూస్తూ, వేలితో లైను పట్టుకుని చదవడం మొదలుపెట్టింది. "నీళ్లు పొంగినాయి. పిల్ల మునిగిపోయింది. అప్పుడు బావి అడుగున ముసలి తాబేలు కదిలింది."

కాశమ్మ పెద్దత్త కళ్లు మూసుకుంది. చేతులు ఒళ్లో సంచి మీద గుండ్రంగా తిరుగుతున్నాయి, పలక రుద్దుతున్నట్టు.